చెప్పులు లేని గడప

కోవిల్‌పట్టి పోలీసు స్టేషను మెట్ల పక్కన సెల్లత్తాయి పొద్దున్నుంచి కూర్చునే ఉంది. ఒళ్ళో రెండు గిన్నెల క్యారియరు. లోపల లాకప్పులో ఉన్నవాడిని ఆమె కూతురి చావుకు కారకుడని పట్టుకొచ్చారు. క్యారియరులోని అన్నం వాడికే.

అళగర్సామి సైకిలును గోడకు ఆనించి ఆమె దగ్గరికి వచ్చాడు. ఒకప్పుడు ఇదే స్టేషనులో హెడ్ కానిస్టేబులు. ఇప్పుడు టైలరు కొట్టు మీది గదిలో బల్ల, కుర్చీ వేసుకుని, పోలీసులు పట్టించుకోని సంగతులు అడిగినవాళ్ళ కోసం విచారిస్తుంటాడు. నిన్న సాయంత్రం ఆ గది మెట్లెక్కి వచ్చింది సెల్లత్తాయి. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పెట్టెలు అతికే మనిషి. ఏడవలేదు. ఏడ్చే ఓపిక కూడా మిగిలినట్టు లేదు.

"కూడు లోపలికి తీసుకోరంటయ్యా," అంది. "చచ్చిన బిడ్డ అమ్మవు నువ్వు, చంపినోడికి కూడు తెచ్చినావా అని నవ్వినారు."

"ఇట్లా ఇయ్యి. నేను పోతా ఉండా గదా."

"మారిసెల్వం చేసుండడయ్యా. పొంగలి వచ్చే తై నెలలో పెండ్లి పెట్టుకుందామని మా ఇంటికాడ కూర్చొని కాపీ తాగిపోయినాడు. వాని చెయ్యి నాకు తెలుసు. గ్లాసు కింద పెట్టేటప్పుడు సద్దు కూడా రాదు."

అళగర్సామి క్యారియరు అందుకున్నాడు.

"ఇంకొకటి అడగల్లయ్యా. బిడ్డ సామానంతా ఇచ్చినారు. గడియారం, కమ్మలు, సంచి. చెప్పులు మాత్రం ఇయ్యలే. ఆయుధపూజకు కొనిచ్చిన చెప్పులు, ఆకుపచ్చ పట్టీ. ఉత్తకాళ్ళతో పోయినాది నా బిడ్డ."

అళగర్సామి తల ఊపి, ఆ మాటను మనసులో ఒక పక్కన పెట్టుకున్నాడు.

"పని గురించి ఏమన్నా చెప్పేదా ఇంటికాడ?"

"నాలుగు నెలల కిందట ఆని నెలలో ఫ్యాక్టరీ అగ్గిమందు కొట్టంలో మంట లేచి ఇద్దరు ఆడోళ్ళు పోయినారు గదా. 'అమ్మా, ఆ ఇద్దరికీ గంట మోగలే. ఈడ మా మిషన్ పడిపోతే విరుదునగర్ మిషన్ గంట కొట్టదు. తప్పు ఫ్యాక్టరీది గాదు, మాది' అన్నాది పోయిన వారం. ఆ రాత్రి కూడు ముట్టలే. మేనేజరుకు చెప్పేసినాను, ఇక అందరికీ చెప్తాను అన్నాది."

*

మారిసెల్వం మోకాళ్ళ మీద తల పెట్టుకుని గోడవైపు కూర్చున్నాడు. నిన్నటి నుంచి అందరూ తమిళంలోనే అరిచారు. ఇంటి భాష వినబడేసరికి తల ఎత్తాడు.

"తిను తంబీ. అత్త పంపించినాది."

క్యారియరు చూసి వాడు మళ్ళీ గోడవైపు తిరిగాడు. ముట్టుకోలేదు.

"సరి, తరవాత తిందువులే. అడిగినదానికి చెప్పు. గంట వినబడినాదా?"

"వినబడినాదయ్యా."

"ఎంతసేపు?"

"చానాసేపు. నిలిచి నిలిచి మోగినాది."

"నువ్వేం చేసినావు?"

"మీట నొక్కి దాని నోరు మూసినాను. మళ్ళా మోగినాది. మళ్ళా మూసినాను."

కేసంతా ఇంతే. వైప్పార్ అలారం సర్వీసు అని ఒక చిన్న కంపెనీ. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీల మందు గోడౌన్లలో వేడిని పసిగట్టే పరికరాలు పెట్టి, మంట లేస్తే ఫ్యాక్టరీలోనూ, మంటలార్పే బండి షెడ్డులోనూ గంట మోగిస్తుంది. ఆ పని చేసే కంప్యూటరు కోవిల్‌పట్టిలో ఒకటి, విరుదునగర్‌లో ఒకటి. మంగళవారం మధ్యాహ్నం కోవిల్‌పట్టి యంత్రాల గదిలో సెల్లత్తాయి కూతురు కలైసెల్వి జనరేటరు పొగకు ఊపిరాడక చనిపోయింది. బయట గడియ పడి ఉంది. గోడ మీది ఆపద మీటను ఆమె నొక్కుతూనే ఉంది. విరుదునగర్‌లో గంట మోగుతూనే ఉంది. దాని ముందున్నవాడు ఇతనే.

"పరీచ్చ అనుకున్నానని చెప్పినావంట. ఏం పరీచ్చ? నాకు అర్తమయ్యేట్టు చెప్పు."

"రెండు మిషన్లూ ఊరికే ఒకదాన్నొకటి పిలుచుకుంటా ఉంటాయయ్యా. ఉండావా అని ఇది, ఉండా అని అది. జవాబు రాకుంటే రెండోది మొత్తం పని నెత్తిన వేసుకోవల్ల. నిజంగా వేసుకుంటాదా అని తెలవాలంటే మనమే ఒకదాన్ని చెడగొట్టి చూడాల. ఒకరోజు తీగ పీకేది, ఒకరోజు కరెంటు తీసేది, ఒకరోజు గంటలన్నీ ఒకేమాటు కొట్టేది. చెడగొట్టేది ఆ పాప పని. చూసుకొనేది నా పని."

"జవాబు రాలేదంటే ఆ మిషన్ చచ్చిపోయినట్టేనా?"

"అదే గదయ్యా కష్టం. చచ్చిపోయి ఉండచ్చు. బాగానే ఉండి నడిమధ్యన తీగ తెగి ఉండచ్చు. రెండిటికీ తేడా ఇవతల కూర్చున్నోనికి తెలవదు."

బయట ఎవరో టైపు కొడుతున్నారు.

"చెప్పకుండా చేస్తేనే గదా తంబీ పరీచ్చ? అది పరీచ్చ అని నీకెట్లా తెలిసినాది?"

మారిసెల్వం రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

"ఐదు గంటలకు మేజిస్ట్రేటు ముందర నిలబెడతారు నిన్ను. అక్కడ మూసుకో మొగం. ఇక్కడ చెప్పు."

"చెప్తే ఆ పాప పేరు చెడిపోతాదయ్యా."

"పాప పోయినాది. పేరు ఎవరి కోసం దాస్తావు?"

మారిసెల్వం చేతులు దించాడు. "మొదటిమాటు నాకు చెప్పకుండానే చేసినాది. ఏ మీట నొక్కాలో తెలియక ఏడ్చినంత పని అయినాది నాకు. ఫోనులో నవ్వి నవ్వి చచ్చినాది. 'సరి పో, ఇకమీద ముందుగా ఒక మిస్‌కాల్ ఇస్తాను. ఒక్క రింగు. అది చూసి బయపడకుండా ఉండు మొద్దూ' అన్నాది. అప్పటినుంచి అట్లనే. ఎవరికీ తెలియదు. తెలిస్తే ఇన్నిదినాలు చేసిన పరీచ్చలన్నీ దొంగ పరీచ్చలని తోసేస్తారు."

"మంగళవారం?"

"ఒక్క రింగు వచ్చినాది. ఆ పాప నంబరే. రెండున్నరకు. రవంతసేపటికే కోవిల్‌పట్టి కరెంటు పోయినట్టు బోర్డులో పడినాది. తరవాత గంట. ఈమాటు గట్టి పరీచ్చే పెట్టినాది నాకు అనుకొని నవ్వుకొన్యాను. మేనేజరు కుమారసామి సార్ పక్క గదిలో సాప్పాడు తింటా ఉండె. బయటికొచ్చి 'ఏమి గంట అది?' అన్నాడు. 'పరీచ్చ సార్' అన్నాను. నేనే చెప్పినానయ్యా. నా నోటితో."

"ఊఁ."

"పరీచ్చ అని చెప్పేదానికి గుర్తు పెట్టుకొన్యాము. పరీచ్చ కాదు అని చెప్పేదానికి ఏ గుర్తూ పెట్టుకోలేదయ్యా మేము."

అళగర్సామి కమ్మీల సందులోంచి క్యారియరును లోపలికి తోసి లేచాడు. ఇంకేమీ అడగాలనిపించలేదు.

*

"ఏట్టయ్యా, పింఛను తీసుకుని ఇంటిపట్టున ఉండక నా లాకప్పులో ఏం పని?"

ఇన్‌స్పెక్టర్ శివరామన్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కొత్తగా ఉద్యోగంలో చేరి వచ్చినప్పుడు అతనికి కేసు కట్టడం నేర్పింది ఈ హెడ్ కానిస్టేబులు ఏట్టయ్యే. ఇద్దరి ఇళ్ళలోనూ తెలుగే. కానీ ఒంటి మీద యూనిఫారం ఉన్నంతసేపు శివరామన్ నోట తమిళం తప్ప మరో మాట రాదు.

"అన్నం ఇచ్చేదానికి వచ్చినా సార్."

"ఇచ్చేశావుగా, దయచెయ్యి."

"ఒక్క అనుమానం ఉండాది."

"నాకు లేదు. వాచ్‌మన్ ముసలాడు మతిమరుపుతో గడియ వేశాడు. అది తప్పే, వాడి సంగతి తరవాత చూస్తాను. వీడు గంట విని కూడా కదలలేదు. అంతేకాదు, ఆ పిల్ల వీడికి ఫోన్ చేసింది. వీడి ఫోనులో ఆమె నంబరుంది. కాపాడమని చేస్తే ఎత్తలేదు. ఇంకేం కావాలి?"

"ఆ పాప ఫోను ఎక్కడ దొరికినాది సార్?"

"గది బయట. గడప పక్కన చెక్కపెట్టెలో. లోపలికి ఫోను తీసుకుపోకూడదట."

"లోపల గడియ పడిన పిల్ల, బయట పెట్టెలో ఉండే ఫోను ఎట్లా చేస్తాది సార్?"

టైపు చప్పుడు ఆగిపోయింది. శివరామన్ ఆ కానిస్టేబులు వంక ఒక చూపు చూశాడు. మళ్ళీ మొదలైంది.

"లోపలికి పోయే ముందు చేసి ఉంటుంది."

"పోయే ముందర కాపాడమని ఎందుకు చేస్తాది?"

"ఏట్టయ్యా!"

"ఫోను ఒకమాటు చూపించండి. తీసుకొని పారిపోను, సైకిలులో వచ్చినా."

శివరామన్ బీరువా తెరిచి, ప్లాస్టిక్ కవరులో ఉన్న చిన్న ఫోనును బల్ల మీద పడేశాడు. చార్జి అయిపోయి ఆగిపోయిందనుకుని ఎవరూ దాన్ని తెరవలేదు. అళగర్సామి కవరు పైనుంచే వెనకమూత జరిపి, బ్యాటరీ ఎత్తి చూపించాడు. సిమ్ ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది.

"మీవాళ్ళు తీసినారా?"

టైపు కొడుతున్న కానిస్టేబులు తల అడ్డంగా ఊపాడు.

"ఆ ఒక్క రింగు ఏ టవరు నుంచి లేచిందో కంపెనీవాళ్ళను అడగండి సార్. మీరు అడిగితే చెప్తారు. నేను అడిగితే ఫోను పెట్టేస్తారు."

"ఐదింటికి రిమాండు. నీ కోసం గడియారం ఆగదు." శివరామన్ టోపీ అందుకున్నాడు. "అన్నీ నేనే చూడాలని నీ రోగం. ఆ రోగంతోనే ప్రమోషను లేకుండా దిగిపోయావు."

మాట తగలాల్సిన చోటే తగిలింది. అళగర్సామి తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. గుమ్మం దాటుతూ వెనక్కి చూస్తే, ఇన్‌స్పెక్టర్ ఇంకా ఆ ఖాళీ గాడి వంకే చూస్తున్నాడు.

*

అలారం సర్వీసు ఆఫీసు రైలు గేటు దాటాక ఒక పాత ఇంట్లో ఉంది. ముందు వరండా, వెనక యంత్రాల గది, గది గోడకు ఆనుకుని జనరేటరు షెడ్డు. వాచ్‌మన్ మునియాండి వరండాలో స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. మూడు రోజుల్లో మూడేళ్ళు ముసలివాడయినట్టున్నాడు.

"నన్ను ఎందుకయ్యా పట్టుకోలేదు వాళ్ళు?" అన్నాడు వస్తూనే. "గడియ వేసింది నేను గదా."

"ఎందుకు వేసినావు?"

"కరెంటు ఆపే దినం గదయ్యా. బోర్డువాళ్ళు రెండున్నరకు తీసేస్తామని చెప్పినారు. జనరేటరు ఆడేటప్పుడు గదిలో మనిషి లేకుంటే గడియ వేయమని మేనేజరు సార్ ఉత్తరువు. కుక్కలు దూరతాయని."

"మనిషి లేదని ఎట్లా తెలుసు నీకు?"

మునియాండి గడప చూపించాడు. యంత్రాల గదిలోకి చెప్పులతో పోరు. దుమ్ము పడకూడదు. ఎవరు లోపలికి పోయినా గడప ముందు చెప్పులు విడవాల్సిందే. చెప్పులుంటే మనిషి ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. ఆ తలుపు మందంగా, అద్దం లేకుండా ఉంది. మూస్తే లోపలి మాట బయటికి రాదు, ఫ్యాన్ల హోరులో బయటి మాట లోపలికి పోదు. అందుకని ఎవరూ పిలిచి చూడరు. కిందికి చూస్తారు, అంతే.

"చెప్పులు లేవయ్యా. మా అమ్మ మీద ఆన. బిడ్డ కూటికి పోయినాది అనుకొన్యాను. గడియ వేసి గేటుకాడికి పోయినాను. జనరేటరు చప్పుడులో ఏమీ వినబడలే. కరెంటు వచ్చినాక లైట్లు చూద్దామని తీస్తే…" ముసలాడు గడప మీద అరచేయి పెట్టి, ఇక్కడే అన్నట్టు తట్టాడు. "తలుపుకు ఆనుకొని ఉన్నాదయ్యా. తీయంగానే నా కాళ్ళ మీదికి ఒరిగినాది."

అళగర్సామి అతని వంక చూడలేక కిందికి చూశాడు. మునియాండి తన టైరు చెప్పులు వరండా చివరన విడిచాడు. ఒక చెప్పు పట్టీ తెగితే దాన్ని నీలం రంగు కంప్యూటరు తీగతో కుట్టారు.

"పాపే కుట్టిచ్చినాది," అన్నాడు మునియాండి. "మిగిలిన తీగతో."

జనరేటరు షెడ్డులోకి పోయి చూశాడు. పొగగొట్టం బయటికి, పెరడు వైపు ఉండాలి. దాని మోచేయి లాంటి వంపు తిరిగి, గోడలోని గాలిపంకా కన్నానికి ఎదురుగా ఉంది. అదురుకు తిరిగిందని పోలీసులు రాసుకుపోయారు. అళగర్సామి ముక్కు ఆనించినంత దగ్గరగా వంగి చూశాడు. బోల్టు చుట్టూ తుప్పు పొరగా రాలి, స్పానరు పట్టిన చోట ఇనుము తెల్లగా మెరుస్తోంది. అదురుకు తిరిగే గొట్టానికి స్పానరు అక్కరలేదు.

"దీన్ని ఎవరూ ముట్టగూడదు," అన్నాడు మునియాండితో. "ఇన్‌స్పెక్టరు వచ్చి చూసేదాకా ఇట్లనే ఉండల్ల."

తరవాత చాలా కాలం అతన్ని నిద్రపోనివ్వని మాట అది.

"ఎవరది షెడ్డులో?"

మేనేజరు కుమారసామి. తెల్ల చొక్కా, మెత్తటి మాట. ఇన్‌స్పెక్టరుకు తెలిసిన మనిషేనని విన్నాక మర్యాదగా కుర్చీ వేయించాడు. ఇతని ఇంట్లోనూ తెలుగే, కానీ పట్నం చదువుతో అంచులు అరిగిన తెలుగు.

"మంగళవారం మీరు ఎక్కడ ఉన్నారు సార్?"

"విరుదునగర్‌లో. ఒంటిగంటకు ఇక్కడి నుంచి కారులో బయలుదేరాను. రెండు దాటాక అక్కడ భోంచేస్తున్నాను. మారిసెల్వమే చెప్తాడు, అడగండి."

"చెప్పినాడు. కలైసెల్విని లోపల కూర్చోమన్నది మీరేనా?"

"అవును. మేం తీగ పీకి చేసే పరీక్షకంటే, బోర్డువాళ్ళు నిజంగా కరెంటు తీసినప్పుడు చూడటం మేలు. నేను బయలుదేరే ముందే లోపలికి వెళ్ళింది."

"మారిసెల్వానికి చెప్పలేదా?"

"చెప్తే పరీక్ష ఎలా అవుతుంది?" కుమారసామి కొంచెం నవ్వాడు. నవ్వాక ఇది నవ్వే చోటు కాదని గుర్తొచ్చినట్టు ముఖం సర్దుకున్నాడు.

"ఆనిలో ఆ ఇద్దరు ఆడోళ్ళు పోయినప్పుడు గంట మోగలేదంట గదా."

"ఫ్యాక్టరీ పరికరం చెడింది. తేలిపోయిన విషయం."

"కోవిల్‌పట్టి మిషన్ పడిపోతే విరుదునగర్ మిషన్ ఫ్యాక్టరీలకు గంట కొట్టదని ఆ పాప కనుక్కొన్నాది. మీకు చెప్పినాది."

"ఎవరు చెప్పారు మీకు?"

"చెప్పినోళ్ళు చెప్పినారు. మునియాండి కూడా గడప ముందర చెప్పులు లేవని ఆన వేస్తా ఉండాడు. కోర్టులో కూడా చెప్తాడంట. చెప్పులు వాటంతట అవి లేచిపోవు గదా సార్."

కుమారసామి చూపు మెల్లగా వరండా చివరికి పోయింది. నీలం తీగ కుట్టిన చెప్పుల మీద నిలిచింది.

"పాపం, పెద్దాయన బాగా నలిగిపోయాడు," అన్నాడు. జేబులోంచి తాళంచెవి తీసి ఇచ్చాడు. "విరుదునగర్ ఆఫీసు చూడాలంటే వెళ్ళి చూడండి. మనిషి లేక మూసి ఉంది, యంత్రం దానంతట అది నడుస్తోంది. నేనూ వెనకే వస్తాను. అన్నట్టు, మధ్యాహ్నం బోర్డువాళ్ళు ఇక్కడ మళ్ళీ కరెంటు తీస్తారు, ఒక చిన్న పరీక్ష ఉంది. అక్కడ గంట మోగితే కంగారు పడకండి."

*

బస్సు సాత్తూరులో చాలాసేపు ఆగింది. అళగర్సామి విరుదునగర్‌లో దిగి ఆఫీసు మేడ ఎక్కేసరికి ఎండ నడినెత్తి దాటింది.

ఒకే హాలు, దాని నడుమ ప్లైవుడ్ అడ్డం. ఇటు మారిసెల్వం బల్ల, బోర్డు, గంట. అటు మేనేజరు కుర్చీ. అళగర్సామి మారిసెల్వం కుర్చీలో కూర్చున్నాడు. బల్ల అద్దం కింద ఒక సినిమా థియేటరు టికెట్టు ముక్క, ఎండిన మల్లెమొగ్గ ఒకటి. వాటిని చూడనట్టు తల తిప్పుకున్నాడు. ప్లైవుడ్ పై అంచుకూ కప్పుకూ మధ్య సందుంది. అటు నిలబడినవాడికి ఈ బల్ల మీద ఫోను ఎప్పుడు మెరిసిందో కనబడుతుంది. మెరిశాక గంట మోగినా ఈ కుర్రాడు ఉలిక్కిపడటం లేదని కూడా కనబడుతుంది. రెండుమూడు మార్లు చూస్తే చాలు.

జేబులో ఫోను మోగింది.

"అన్నా." శివరామన్ గొంతు. తెలుగు. "ఆ రింగు కోవిల్‌పట్టి నుంచి లేచింది గాదన్నా. విరుదునగర్ టవరు. నువ్వు ఉండే వీదే. సిమ్ వేరే ఫోనులో వేసి కొట్టినారు."

అళగర్సామి ప్లైవుడ్ గోడ వంక చూశాడు. ఒంటిగంటకు పొగగొట్టం తిప్పి, గడప ముందు చెప్పులు, పెట్టెలోంచి సిమ్ తీసుకుపోయాడు. రెండున్నరకు ఈ గోడ అవతల నుంచి ఒక్క రింగు. తరవాత బయటికి వచ్చి, ఏమీ ఎరగనట్టు, ఏమి గంట అది అని అడిగి, ఆ కుర్రాడి నోటితోనే ఆ మాట అనిపించాడు.

"కుమారసామి," అన్నాడు. "పక్కనే ఉన్నాడని మనం వదిలేసినాము సార్. పక్కనే ఉన్నాడు కాబట్టే…"

బోర్డు మీద ఎర్రదీపం వెలిగింది. కోవిల్‌పట్టి, కరెంటు లేదు, జనరేటరు. ఆ వెంటనే గంట మోగింది.

కంగారు పడకండి అన్నాడు. పరీక్ష అన్నాడు.

గంట ఆగింది. మళ్ళీ మోగింది. చేతిలో బలమున్న మనిషి నొక్కినట్టు పొడుగ్గా మోగింది.

"ఏమి గంటన్నా అది?"

"ఆఫీసుకు పో సార్. కోవిల్‌పట్టి ఆఫీసుకు. మునియాండి! ఫోను పెట్టొద్దు, చెవికాడనే ఉంచుకొని పో!"

జీపు చప్పుడు వినబడింది. రైలు గేటు మూసి ఉన్నట్టుంది, శివరామన్ ఎవరినో తిట్టాడు. ఇక్కడ గంట మోగుతూనే ఉంది. నోరు మూసే మీట అళగర్సామి చేతికి అందేంత దూరంలోనే ఉంది. దాన్ని ముట్టలేదు. కొంతసేపటికి గంటలు పొట్టివయ్యాయి. ఒకదానికీ ఇంకోదానికీ నడుమ ఎడం పెరిగింది. గొట్టాన్ని ముట్టవద్దన్నది తనే. ముసలాడి మాటను కుమారసామి చెవిన వేసింది తనే. ఏదో పని చెప్పి ముసలాడిని లోపలికి పంపి, వెనక గడియ వేసి కారెక్కి ఉంటాడు.

కింద వీధిలో కారు ఆగింది. కిటికీలోంచి చూశాడు. కుమారసామి తలుపు తెరిచి, చేతిలో భోజనం పొట్లంతో దిగుతున్నాడు. తెరిచిన తలుపులోంచి, ముందుసీటు కింద కాగితం చాటున, నీలం తీగ ఒకటి తళుక్కుమంది.

"వచ్చినామన్నా," శివరామన్ ఎగశ్వాసతో అన్నాడు. "ఎవరూ లేరు. గడియ పడి ఉండాది. గడప ముందర చెప్పులు కూడా లేవు. లోపల ఎవరూ లేరన్నా…"

"గడియ తీయి."

"చెప్పులు…"

"తీయి శివరామా!"

సార్ అనకుండా అతన్ని పిలవడం అదే మొదలు. అవతల ఇనుము గీసుకున్న చప్పుడు. తరవాత ఏదో బరువుగా పడింది. తరవాత ఏమీ లేదు.

ఇక్కడ గంట కూడా ఆగిపోయింది.

తలుపు తీశారు కాబట్టి ఆగిందో, చెయ్యి జారింది కాబట్టి ఆగిందో. అళగర్సామి ఆ బల్లకు రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. మూడు రోజుల కిందట ఇదే చోట గంట ఆగినప్పుడు, ఒక కుర్రాడు పరీక్ష గట్టెక్కానని నవ్వుకుని ఉంటాడు.

మెట్ల మీద అడుగులు. కుమారసామి గుమ్మంలోకి వచ్చాడు. సాంబారు వాసన వచ్చింది.

"ఇప్పటిదాకా మోగింది, ఏమి గంట అది?" అన్నాడు.

అళగర్సామి చెవి దగ్గర ఫోనులో ఎవరో దగ్గుతున్నారు. ఒక మనిషి కాదు, ఇద్దరు. దగ్గుల నడుమ శివరామన్ గొంతు చిన్నపిల్లాడిలా వచ్చింది.

"ఉండాడన్నా. ఊపిరి ఉండాది."

అళగర్సామి మెల్లగా నడిచి పోయి, కుమారసామి వెనక ఉన్న తలుపు మూసి, లోపలి గడియ పెట్టాడు.

"పరీచ్చ కాదు సార్," అన్నాడు. "కింద మీ కారులో ఉండే చెప్పులు ఒక జత మునియాండివి. ఆకుపచ్చ పట్టీ ఉండే జత ఎక్కడ పెట్టినారో చెప్పండి. వాళ్ళమ్మ స్టేషను మెట్లకాడ కూర్చొని ఉండాది."